దేవి మాటల లెక్క

జూలై 3, 2025. గురువారం

దేవి మాటలు: 41. ఉదయం 11.20 వరకు. ఆ తర్వాత లేవు.

పదకొండుంబావుకి ఉరిమింది. వాన ఇంకా మొదలు కాలేదు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి కరెంటు వచ్చింది గానీ కంప్యూటర్ రాలేదు. అప్పటికి దేవి "అసిరమ్మా" అనే గడి నొక్కి, తర్వాతి మాట కోసం వెలుగు వరుసలు దిగుతుంటే చూస్తోంది. తెర నల్లబడిపోయింది. అది మాత్రం నొక్కుతూనే ఉంది. బటన్ టిక్కు టిక్కుమంటోంది. నేను వెళ్లి చెయ్యి పక్కకు తీసేదాకా నొక్కింది.

అసిరమ్మను ఏమడగబోయిందో తెలియలేదు. తెలియని మాటను లెక్కలో వేయలేదు.

ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాను. అంతకన్నా చేయడం నాకు రాదు.

జూలై 4

కంప్యూటర్లు బాగుచేసే త్రినాథ్ వచ్చి పెట్టె పట్టుకుపోయాడు. వాడు పిడుగు అంటాడు. నేను వోల్టేజి అంటాను.

దేవి మాటలు: 0.

జూలై 6, ఆదివారం

త్రినాథ్ ఫోన్ చేసి "ఆ ప్రోగ్రాం ఏటి మేడం, ఎప్పటిది" అని అడిగితే తడబడ్డాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఒక ప్రశ్నకు వరుసగా జవాబు చెప్పలేకపోవడం సిగ్గుగా ఉంది. అందుకని ఇక్కడ క్రమంగా రాసుకుంటున్నాను.

దేవికి ముప్పై మూడేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతింది. నడవదు, మాట్లాడదు. తల, కాళ్లు, ఎడమ చెయ్యి దాని మాట సరిగ్గా వినవు. కుడి పిడికిలి ఒక్కటి వింటుంది. తెలివికి లోటు లేదు. ఈ సంగతి డాక్టర్లకంటే ముందు దాని తాత, అంటే మా ఆయన, కనిపెట్టారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పని చేసిన మనిషి, రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని 1999లో తానే ప్రోగ్రాం రాశారు. తెర మీద పన్నెండు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్లు, తొంభై ఆరు మాటలు. వెలుగు పైనుంచి కిందికి వరుసలు దిగుతుంది. కావలసిన వరుస రాగానే దేవి బటన్ నొక్కాలి. అప్పుడు వెలుగు ఆ వరుసలో అడ్డంగా నడుస్తుంది. కావలసిన గడి దగ్గర మళ్లీ నొక్కాలి. కంప్యూటర్ ఆ మాట పలుకుతుంది. బటన్ మన వీధి తలుపు కాలింగ్ బెల్లుది. పాత కీబోర్డు విప్పి దానికి అతికించారు.

పలికే గొంతు ఆయనదే. తొంభై ఆరు మాటలూ ఆయనే రికార్డు చేశారు. ఆయన పోయి ఆరేళ్లు. దేవి ఆయన గొంతుతోనే ఆకలి అంటుంది, వద్దు అంటుంది. తొమ్మిదో వరుసలో "చెప్పాను కదా" అని ఒక గడి ఉంది. నేను దేవి చేత ప్రతిదీ రెండుసార్లు చెప్పిస్తానని నన్ను ఆటపట్టించడానికి పెట్టారు. గడి వృథా అని అప్పుడే అన్నాను. దేవి దాన్ని రోజుకు నాలుగైదు సార్లు వాడుతుంది.

మొదటి రోజు నుంచీ మాటలు లెక్క రాస్తున్నాను. సగటు రోజుకు 58.

అనూరాధ ఇవాళ పొద్దున్నే వచ్చింది. కొత్తవలస స్టేషన్‌లో బుకింగ్ ఉద్యోగం, ఆదివారమే సెలవు. కూతురి పక్కన కూర్చుని చెయ్యి నిమిరి, "పాతది బాగు చేయించడం అనవసరం అమ్మా, కొత్తది కొంటాను, అందులో వేస్తే సరి" అంది.

అంతే కదా అనుకున్నాను నేను కూడా.

జూలై 9

కొత్త కంప్యూటర్ వచ్చింది. చాలా పల్చగా ఉంది. పాత దాని బోర్డు కాలిపోయిందట, అలాంటిది ఇప్పుడు దొరకదట; డిస్కు మాత్రం బాగానే ఉందట, ప్రోగ్రాం అందులోంచి తీసి త్రినాథ్ దీంట్లో పెట్టాడు. దేవిని ఎదురుగా కూర్చోబెట్టాం. నొక్కాడు. ఈ యాప్ మీ పీసీలో నడవదు అని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"పాతదానికన్నా పదింతలు బలమైంది అన్నావు."

"బలమే మేడం."

"మరి?"

"బలం కాదు మేడం, బిట్లు."

చెప్పరా అన్నాను. రేపు కొట్టుకు రమ్మన్నాడు.

జూలై 10

పాలకొండ రోడ్డులో త్రినాథ్ కొట్టు. వాడికి నలభై ఆరేళ్లు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎనిమిదో క్లాసులో నన్ను బెంచీ ఎక్కించీసేరు మేడం. ఇప్పుడు మీకు పాఠం సెప్పే యోగం పట్టింది" అన్నాడు. వర్గమూలాలు రాకపోతే ఎక్కించాను. గుర్తుంది. పాఠం మొదలుపెట్టమన్నాను.

వాడు చెప్పినదాన్ని నా మాటల్లో రాసుకుంటున్నాను.

ప్రాసెసర్ ఒక్కసారికి పట్టుకోగలిగే అంకె ఎంత పొడవో, అదీ బిట్లంటే. పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. ప్రోగ్రాం రాసినప్పుడే ఏదో ఒక పొడవుకు రాస్తారు. ఆయన రాసింది పదహారుకు. 2009లో పాత కంప్యూటర్ మార్చినప్పుడు వచ్చింది ముప్పై రెండుది. అయినా నడిచింది. ఇప్పటిది అరవై నాలుగుది. నడవదు.

"ముప్పై రెండు మీద నడిచింది అరవై నాలుగు మీద ఎందుకు నడవదు?"

త్రినాథ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "మా నాన్న సీతంపేట సంతలో ఉప్పు, మిరపకాయ అమ్మీవోడు మేడం. కొండ దిగొచ్చినోళ్లకి సవర మాటే వచ్చు. నాన్నకి రాదు. అందుకని రెండూ వచ్చినోణ్ణి ఒకణ్ణి మధ్యన కూకోబెట్టీవోడు. ఆడుంటే బేరం, నేకపోతే నేదు. ముప్పై రెండు విండోస్‌లో పదారు మాట తెలిసిన అలాంటోడు ఒకడుండీవోడు. అరవై నాలుగు విండోస్‌లో కూడా ఒకడున్నాడు, కాని ఆడికి ముప్పై రెండు మాటే వచ్చు. పదారు రాదు."

"అంటే ఒక తరం వెనక్కి మాత్రమే."

"అంతే మేడం. తాత మాట తెలిసినోడి కుర్సీ తీసీసేరు."

"ఎవరు తీశారు?"

"తయారు సేసినోళ్లే. ప్రాసెసర్ అరవై నాలుగు కింద లేచి నిలబడిందంటే, పదారు గది తలుపు మూసుకుపోతాది. దానికే అలగ కట్టేరు."

"ఇంకొక మధ్యవర్తిని మనం పెట్టుకోలేమా?"

వాడు నా వైపు చూసి, "మీరు అప్పుడూ ఇలాగే అడిగీవోరు, పుస్తకంలో నేని ప్రశ్నలు" అన్నాడు.

జూలై 11

పదహారు బిట్లు: రెండును పదహారుసార్లు గుణిస్తే 65,536.

ముప్పై రెండు బిట్లు: 4,29,49,67,296. అంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు.

అరవై నాలుగు బిట్లు: ఇరవై అంకెల సంఖ్య. చేత్తో గుణించాను. ఒకటిన్నర పేజీ పట్టింది. రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు.

ఇంత పెద్ద అంకె పట్టే యంత్రం తొంభై ఆరు మాటలు పలకలేకపోతోంది.

దేవి మాటలు: 0.

జూలై 12

దేవి పెరుగన్నం సగం వదిలేసింది. బెంగ.

జూలై 13, ఆదివారం

అనూరాధతో మాట్లాడి ఒక పద్ధతి పెట్టాను. నేను అడుగుతాను, దేవి ఔననాలనుకుంటే కళ్లు మూస్తుంది. పిడికిలి తప్ప వేరేది దాని ఆధీనంలో ఉండదని అనూరాధ అనుమానపడింది. కళ్లు ఉంటాయి. నాకు తెలుసు. ముప్పై మూడేళ్లు దాన్ని చూస్తున్నది నేను, వారానికొకసారి వచ్చేది నువ్వు అన్నాను. అనకూడదేమో. అన్నాను.

జూలై 14

దేవి మాటలు: 27. (నేను అడగగా కళ్లతో ఒప్పుకున్నవి.)

నీళ్లు. ఫ్యాన్. వాన చూస్తావా. వద్దు. తాత గొంతు కావాలా. ఈ చివరిదానికి కళ్లు గట్టిగా మూసుకుంది, కాసేపటిదాకా తెరవలేదు.

నేను అనుకున్నట్టే. దానికి మాట్లాడలేకపోవడం కన్నా ఆ గొంతు లేకపోవడమే పెద్ద లోటు.

జూలై 15

దేవి మాటలు: 33. తాత గొంతు కావాలా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ కళ్లు మూసింది.

జూలై 16

34.

జూలై 18

అసిరమ్మ మనింట్లో పదిహేనేళ్లుగా పని చేస్తోంది. ఆమె చేరాక ఆయన ఒక గడి మార్చి ఆమె పేరు రికార్డు చేశారు. దేవికి స్నానం చేయించేది, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది ఆమే. నా నడుము ఆ పని మానేసి చాలా కాలమైంది. అన్నం కలుపుతూ నా పుస్తకంలోకి తొంగి చూసింది. చదవడం రాదు, అంకెలు తెలుసు.

"ఇయ్యాల ముప్పయ్యారేటి అమ్మా?"

"దేవి మాటలు."

"పాప సెప్పిందా, మీరు సెప్పేరా?"

"నేను అడిగాను, అది ఒప్పుకుంది."

"ఏటడిగినా కళ్లు మూస్తంది కదమ్మా. నాను పొద్దున్న, ఒసే, నన్ను పన్లోంచి తీసీమంతావా అనడిగినాను. దానికీ మూసింది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పని చూసుకోమన్నాను.

పోతూ పోతూ, "పాప ఎడం బుగ్గ కుర్సీకి ఆనించీసి కూకుంతంది, సూసుకోండి" అంది. ఎడమ పక్కన కిటికీ ఉంది, వాన చూస్తోంది అని చెప్పాను.

జూలై 20, ఆదివారం

అనూరాధ టాబ్లెట్ తెచ్చింది. అందులో బొమ్మలు నొక్కితే ఒక అమ్మాయి తెలుగులో పలుకుతుంది. గొంతు చక్కగా ఉంది, రైల్వే అనౌన్స్‌మెంట్‌లా. దేవి పిడికిలి ఒక బొమ్మ మీదికి వెళ్తే మూడు బొమ్మలు పలుకుతున్నాయి. "అమ్మ బస్సు అరటిపండు" అంది ఒకసారి. అనూరాధ ఏడ్చింది.

కాలింగ్ బెల్లు బటన్ దీనికి తగిలించవచ్చునట, దానికి ఏదో తెప్పించాలట. కాని గళ్లు వేరు, వరుసలు వేరు. దేవి చదవదు. ఏ మాట ఏ వరుసలో ఎన్నోదో ఇరవై ఆరేళ్లుగా దానికి వంటబట్టింది. ఈ వయసులో ఊరు మొత్తం పడగొట్టి కొత్తగా కట్టి, ఇందులో నీ ఇల్లు వెతుక్కో అన్నట్టుంటుంది.

"నేర్చుకుంటుందమ్మా" అంది అనూరాధ.

"ఎన్నేళ్లకి?"

"నీకు నాన్న గొంతు కావాలి."

అది దేవి కోసం అన్నాను. నాకోసం కాదు.

దేవి మాటలు: 35.

జూలై 22

వాన. త్రినాథ్ రాలేదు.

జూలై 26

ఈ వారం నేర్చుకున్నది: ప్రాసెసర్ వేరు, విండోస్ వేరు. ప్రాసెసర్ అరవై నాలుగుదైనా దాని మీద ముప్పై రెండు విండోస్ ఎక్కించవచ్చు. అప్పుడు అది తగ్గి నడుస్తుంది. పెద్ద గ్లాసులో సగమే పాలు పోసినట్టు. అలా ఎక్కిస్తే పదహారు మాట తెలిసిన పాత మధ్యవర్తి మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. ఈ మాట త్రినాథ్ చెప్పకముందే నేను అడిగాను. వాడు "నూటికి నూరు మేడం" అన్నాడు.

నాలుగు గంటలు పట్టింది. ప్రోగ్రాం మీద నొక్కాడు. ఈసారి నడవదు అని రాలేదు. ఒక నల్లటి కిటికీ తెరుచుకుంది. నేను లేచి నిలబడ్డాను. వెంటనే మూసుకుపోయింది. తెర మొత్తాన్ని తనకివ్వమని ప్రోగ్రాం అడుగుతోందట, కొత్త తెర ఆ పాత పద్ధతికి ఒప్పుకోదట. మధ్యవర్తి వచ్చాడు గానీ, మా ఆయన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

త్రినాథ్ ఏడుసార్లు ప్రయత్నించాడు. లెక్కపెట్టాను.

పరీక్షలో పద్ధతి అంతా సరిగ్గా రాసి జవాబు తప్పు వస్తే నేను సగం మార్కులు ఇచ్చేదాన్ని. ఇక్కడ సగం ఇచ్చేవాళ్లు లేరు.

జూలై 27, ఆదివారం

దేవి మాటలు: 29. అన్నం నాలుగు ముద్దలు. అనూరాధ తినిపించినా అంతే. జ్వరం చూశాం, 98.4.

జూలై 30

దేవి గిన్నె తోసేసింది. పిడికిలితో, కావాలనే. నేను గట్టిగా కేకలేశాను. తాత లేకపోతే ఇల్లు నడవట్లేదా, అందరం తినట్లేదా, బెంగకు ఒక హద్దుండాలి అన్నాను. అది గొంతులోంచి ఏదో అరుపు తీసింది. తల కుర్చీకేసి కొట్టుకుంది. అసిరమ్మ వచ్చి మధ్యలో నిలబడింది.

"కొట్టకండమ్మా" అంది.

నేను కొట్టలేదు. చెయ్యి ఎత్తనైనా ఎత్తలేదు. ఎందుకన్నదో తెలియదు.

దేవి మాటలు: 12.

ఆగస్టు 1

గంజి మాత్రం తాగుతోంది. చల్లార్చి ఇవ్వమంటోంది అసిరమ్మ. వేడిదే ఒంటికి మంచిది.

ఆగస్టు 3, ఆదివారం

దేవి బరువు రెండు కేజీలు తగ్గింది. దేవిని ఎత్తుకుని తూకం మీద నిలబడమని అసిరమ్మకు చెప్పాం, తర్వాత ఆమె బరువు తీసేశాం. అనూరాధ విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంది. ఏమని చెబుతావు అని అడిగాను. జ్వరం లేదు, దగ్గు లేదు. బెంగకు మందుంటుందా.

"నీకు బెంగ అని ఎలా తెలుసు అమ్మా?"

పుస్తకం తీసి చూపించాను. ఇరవై ఒక్క రోజులు. తాత గొంతు కావాలా అని అడిగింది యాభై నాలుగు సార్లు, ఔనన్నది యాభై రెండు సార్లు. ఇంతకంటే రుజువు ఏం కావాలి.

అనూరాధ అంకెలు చూసి పుస్తకం మూసింది. మా ఇంట్లో అంకెలకు ఎదురు చెప్పే అలవాటు లేదు. అది నేను నేర్పినదే.

వచ్చే ఆదివారం వరకు చూద్దామనుకున్నాం.

ఆగస్టు 5

నిన్న మధ్యాహ్నం ఆయన పాత ఉత్తరాల పెట్టె తీశాను. డిస్కులో ఉన్న గొంతు ప్రోగ్రాం నడిస్తేనే వినపడుతుందట; ఆయన గొంతు ఉన్న క్యాసెట్ ఏమైనా దొరికితే దేవికి వినిపిద్దామని. దొరకలేదు. ఉన్నవి పెళ్లిళ్లలో తీసినవి, అందులో అందరి గొంతులూ ఉన్నాయి, ఆయన లేరు. ఆయనే తీస్తూ ఉండేవారు.

దేవి కోసమే వెతికాను.

ఆగస్టు 7

త్రినాథ్ పరుగెత్తుకు వచ్చాడు, చెప్పులు విప్పకుండా. విప్పి రమ్మన్నాను. విప్పి వచ్చాడు.

"మేడం, మీరు ఆరోజు అడిగేరు కదా, మధ్యవర్తిని మనం పెట్టుకోలేమా అని. ఉన్నాడు మేడం. ఇన్నాళ్లూ నా కొట్టులోనే ఉన్నాడు. పాత ఆటలు ఆడుకోడానికి ఒకాయన వేయించుకున్నాడు, నాను అది ఆటలకే అనుకున్నాను."

ఇది మధ్యవర్తి కూడా కాదట. ఒక ప్రోగ్రాం తానే ఒక పాత కంప్యూటర్ వేషం వేస్తుంది. ప్రాసెసర్, తెర, స్పీకర్ అన్నీ 1990ల నాటివి ఉన్నట్టు నటిస్తుంది. ఆయన ప్రోగ్రాం అందులోకి వెళ్లి, తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. బయట అరవై నాలుగు ఉందని దానికి తెలియదు. అనువాదం అడగదు, తెర అడిగితే ఉత్తుత్తి తెర దొరుకుతుంది.

"అంటే మోసం చేస్తున్నాం."

"మంచికే కదా మేడం."

దీనికి ముప్పై రెండు విండోస్ కూడా అక్కర్లేదట. మళ్లీ అరవై నాలుగు ఎక్కించి తెస్తానని పట్టుకుపోయాడు. నాలుగు వారాలుగా వాడికీ తెలియనిది, నాకూ తెలియనిది. ఎవరిని తప్పుపట్టాలో తెలియలేదు.

దేవి మాటలు: 26.

ఆగస్టు 9, శనివారం

నడిచింది. పన్నెండు వరుసలు తెర మీదికి వచ్చాయి. నల్లటి తెర, పచ్చటి గీతలు. ఏమీ మారలేదు.

కాని వెలుగు ఆగదు. పై వరుస నుంచి కింది వరుస దాకా మెరుపులా పోతోంది, కంటికి ఆనడం లేదు. త్రినాథ్ తల పట్టుకున్నాడు. తర్వాత విషయం చెప్పాడు. అప్పట్లో ప్రోగ్రాంలో కాసేపు ఆగు అని చెప్పాలంటే ఒకటి నుంచి ఇన్ని వేల దాకా ఊరికే లెక్కపెట్టు అని రాసేవారట. పాత యంత్రం అంత లెక్కపెట్టేసరికి రెండు మూడు సెకన్లు పట్టేది. ఇప్పటిది అదే లెక్క రెప్పపాటులో ముగించేస్తుంది. వేషం వేసేవాడికి నువ్వు ఇంత నెమ్మది మనిషివి అని ఒక అంకె చెప్పాలి.

ఎంత అంకె అని అడిగాను. ఎవరికీ తెలియదట. వేసి చూసుకోవాలట.

దేవి తెర వైపు చూస్తూ కూర్చుంది. పిడికిలి బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

రేపు గడియారంతో కూర్చుందాం అన్నాను. ఆయన నోటుబుక్కులో ఉంది: ఒక్కో గడికి రెండున్నర సెకన్లు.

దేవి మాటలు: 18.

ఆగస్టు 10, ఆదివారం

క్రమంగా రాయాలి.

ఉదయం తొమ్మిదిన్నరకు త్రినాథ్ వచ్చాడు. అనూరాధ ఉంది. నేను ఆయన చేతి గడియారం పట్టుకుని కూర్చున్నాను. వాడు అంకె మారుస్తాడు, నేను కొలుస్తాను. పదకొండోసారికి సరిగ్గా రెండున్నర సెకన్లు వచ్చింది. త్రినాథ్‌ను పక్కకు జరగమని, దేవిని తెర ముందుకు జరిపాం.

నొక్కింది. తప్పిపోయింది. వెలుగు కింది వరుసకు వెళ్లిపోయింది. మళ్లీ నొక్కింది. తప్పిపోయింది. ఆరుసార్లు. ఒకసారి "సినిమా" అని పలికింది. దేవి తల అడ్డంగా విసిరికొట్టుకుంది.

"ఇరవై ఆరేళ్లు ఇదే వేగానికి నొక్కావు. మొండితనం చేయకు" అన్నాను.

అసిరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నెమ్మది సెయ్యండి బాబూ" అంది త్రినాథ్‌తో. "నెల్లాళ్లు కూడు తినని సెయ్యి అది. నాకే ఆ దీపం అందడం నేదు."

"రెండున్నరే సరైనది" అన్నాను. "పుస్తకంలో ఉంది."

త్రినాథ్ నా వైపు చూడకుండా అంకె మార్చాడు. నన్ను అడగలేదు. నేను కొలవలేదు. నాలుగు సెకన్లు ఉంటుంది.

వెలుగు మూడో వరుస మీద ఆగింది. నొక్కింది. అడ్డంగా మొదటి గడి. నొక్కింది.

నొప్పి.

ఆయన గొంతు. అలాగే ఉంది. ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఈ ఇంట్లో ఆ గొంతు అన్న మొదటి మాట అది. నాకు కళ్లు కనపడలేదు. దేవి తల నిమిరి, "తెలుసమ్మా, నాకు తెలుసు, తాత గుర్తొచ్చి కదూ" అన్నాను.

దేవి నా చేతి కిందినుంచి తల లాక్కుంది. మళ్లీ పిడికిలి ఎత్తింది. నాలుగో వరుస. తల, కన్ను, చెవి దాటనిచ్చింది. నాలుగో గడి మీద నొక్కింది.

పన్ను.

మళ్లీ మొదటినుంచి. నొప్పి. పన్ను. నొప్పి. పన్ను. అనూరాధ నోరు తెరిచి టార్చి వేసి చూసింది. కింద ఎడమ పక్క చివరి దవడ పన్ను నల్లగా ఉంది. దాని చుట్టూ చిగురు ఉబ్బి ఉంది.

అసిరమ్మ గంజి చల్లార్చడానికి వంటింట్లోకి వెళ్లింది. నన్నొక మాట అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 11

కారు మాట్లాడుకుని విజయనగరం వెళ్లాం. డాక్టర్ పన్ను తీసేసింది. చీము పట్టి కనీసం నెల అయివుంటుంది, ఇంత నొప్పి మామూలు మనిషైతే ఒక్క రోజు ఓర్చుకోలేడు, ఇన్నాళ్లు ఎందుకు తీసుకురాలేదు అని అడిగింది. అనూరాధ నా వైపు చూడలేదు. నేనే చెప్పాను, తెలియలేదు అని.

"చెప్పలేదా?" అంది డాక్టర్. అప్పటికి ఆమెకు దేవి సంగతి పూర్తిగా తెలియదు.

ఆగస్టు 12

దేవి పడుకుంది. గంజి, చల్లగా. మాటలు: 0. అడగలేదు. అడగడం మానేశాను.

ఆగస్టు 13

పెరుగన్నం పదకొండు ముద్దలు.

జూలై 12 నుంచి చదువుకుంటూ వచ్చాను. పెరుగన్నం సగం వదిలేసింది, బెంగ. గట్టిగా కళ్లు మూసుకుంది, కాసేపటిదాకా తెరవలేదు. ఎడమ బుగ్గ కుర్చీకి, వాన చూస్తోంది. తల కుర్చీకేసి కొట్టుకుంది. నా చేతివ్రాతే. ఒక్క కొట్టివేత లేదు. శుభ్రంగా ఉంది.

యాభై రెండుసార్లు ఔనంది అని రాశాను. నొప్పి వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని ఉంటుంది. నేను అప్పుడల్లా ఆయన గురించి అడుగుతున్నాను.

ఆగస్టు 14, గురువారం

ఉదయం ఎర్ర సిరా తీసి జూలై 14 నుంచి ఆగస్టు 9 వరకు దేవి మాటల అంకెలన్నీ కొట్టేశాను. ఇరవై ఏడు రోజులు. మొత్తం కూడితే 803 వచ్చింది. ఒక్కటీ దానివి కావు. ప్రతి అంకె పక్కన సున్నా వేసి సంతకం చేశాను. తప్పు లెక్కను దిద్దినప్పుడు అలాగే చేయాలి.

మధ్యాహ్నం దేవిని కుర్చీలో కూర్చోబెట్టి అసిరమ్మ బటన్ చేతి కింద పెట్టింది. వెలుగు నాలుగు సెకన్లకు ఒక గడి నడుస్తోంది. నేను ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. దేవి "అసిరమ్మా" అంది. ఆ తర్వాత "పాట" అంది. అసిరమ్మ పాడింది. ఉరిమిన రోజు అడగబోయింది ఇదేనేమో. నాకు తెలియదు. ఇంతకుముందైతే తెలుసు అని రాసేదాన్ని.

అసిరమ్మ వెళ్లాక అడిగాను. "నాకు ఎందుకు తెలియనివ్వలేదమ్మా? ఏదో ఒకలా చెప్పాల్సింది."

వెలుగు వరుసలు దిగింది. నాలుగు, అయిదు, ఆరు. దేవి నా వైపు చూడలేదు, తెర వైపే చూస్తోంది. ఏడు, ఎనిమిది. తొమ్మిదో వరుస దగ్గర నొక్కింది. ఏ గడికి వెళ్తోందో నాకు ముందే తెలిసిపోయింది. అయినా లేవలేదు. అడ్డంగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"చెప్పాను కదా" అన్నారు ఆయన.

నవ్వుతూ రికార్డు చేసిన మాట అది. చివర్లో ఆ నవ్వు కాస్త వినిపిస్తుంది. దేవి నవ్వలేదు. మళ్లీ తొమ్మిదో వరుసకు వెళ్లింది. నాలుగుసార్లు. ఒక్కోసారికి ముప్పావు నిమిషం పైనే పట్టింది. నేను పూర్తిగా విన్నాను.

అయితే సున్నాలు కూడా తప్పే. చెప్పింది. గిన్నె తోసి చెప్పింది, తల కొట్టుకుని చెప్పింది. ఎన్నిసార్లు చెప్పిందో నా దగ్గర లెక్క లేదు. ఎవరి దగ్గరా లేదు.

సున్నాలు కొట్టేశాను. వాటి పక్కన రాయడానికి అంకె లేదు. ఇరవై ఆరేళ్ల పుస్తకంలో మొదటిసారి ఖాళీగా వదిలేస్తున్నాను.

దేవి మాటలు, ఇవాళ: 19. నేను విన్నవి మాత్రమే.